వాసన వచ్చేదాకా

టీచరమ్మ భర్త ఫోన్ చేసేసరికి చుక్కలమ్మ చేతిలో దాల్చిన ఆకు నూనె సీసా ఉంది. ఒక చుక్క గిన్నెలో పడింది. రెండోది సీసా మూతి దగ్గర వేలాడుతోంది. కౌంటర్ దగ్గర ఓనరు మేడమ్ గొంతు మొదట తియ్యగా పలికింది, తర్వాత సన్నబడింది, ఆ తర్వాత అసలు వినపడనే లేదు. మేడమ్ గొంతు వినపడలేదంటే ఎక్కడో కొంప మునిగిందని ఆ మసాజ్ సెంటర్‌లో అందరికీ తెలుసు. చుక్కలమ్మ సీసా నిలబెట్టి మూత బిగించి, గిన్నెలో నూనెను వ్యర్థాల డబ్బాలో వంపేసింది. లెక్క మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచీ కలపాలి. అది ఆమె పద్ధతి.

ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఇక్కడ అందరికీ ఆమె చుక్కలమ్మే. నూనె కలిపేటప్పుడు పక్కన భూకంపం వచ్చినా పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుంటుంది. ముప్పై మిల్లీలీటర్ల బాదం నూనెకి దాల్చిన ఆకు నూనె మూడంటే మూడు చుక్కలు. దాల్చిన చెట్టు బెరడు నుంచి తీసే నూనెనైతే ఒంటి దరిదాపులకి రానివ్వకూడదు. ఆకు నూనె దానికన్నా నయం, అంతే. మోతాదు దాటిందంటే అదీ తోలు ఊడదీస్తుంది. లైసెన్సు కోసం చేసిన మూడు నెలల శిక్షణలో ఆ ముక్కని ఆమె ఎర్ర సిరాతో రాసుకుంది.

మేడమ్ తెర తొలగించుకుని లోపలికి వచ్చింది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

"నిన్న టీచరమ్మకి నూనె కలిపిందెవరు?"

"నేనే, మేడమ్."

"వీపంతా బొబ్బలట. పొద్దున్నే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారట. నూనె వల్ల కాలిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడట. ఎన్ని చుక్కలు వేశావే తల్లీ?"

"మూడే, మేడమ్."

"మూడు చుక్కలకి మనిషి వీపు కాలుతుందా?"

చుక్కలమ్మ మూత బిగించిన సీసా వైపు చూసింది. మూడే వేశానని ఆమెకి తెలుసు. తెలుసా? నిన్న టీచరమ్మ గిన్నె కలిపేటప్పుడు వీధిలో ఏదో బండి హారన్ ఆగకుండా మోగింది. దాన్ని తిట్టుకుంటూ కలిపిందా, తిట్టుకోకుండా కలిపిందా? ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. రోజూ చేసే పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఒక్కటి మాత్రం గుర్తుంది. తెర అవతల బల్ల మీద బోర్లా పడుకున్న టీచరమ్మ, "మంట పుడుతోందమ్మా," అంది. మసాజ్ చేస్తున్న చుక్కలమ్మ పిన్ని, "మంట పుడితేనే పట్టేసిన నరం వదిలేది. ఒక్క ఐదు నిమిషాలు ఓర్చుకోండి," అంది. ఆ మాట పిన్నిది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మేడమే స్వయంగా చెప్పే మాట అది. ఆ తర్వాత పిన్ని ఆమె వీపు మీద వేడి తువ్వాలు కూడా పరిచింది. మంట పుడుతోందని మనిషి చెబితే వెంటనే ఉత్త బాదం నూనెతో తుడిచెయ్యాలి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి, వేడి అసలు తగలనివ్వకూడదు. ఇదీ ఎర్ర సిరాలోనే ఉంది. తెర ఇవతల నిలబడి చుక్కలమ్మ ఆ మంట మాట విన్నది. విని, తర్వాతి గిన్నె కలుపుకుంటూ ఉండిపోయింది.

"ఎల్లుండి ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు," అంది మేడమ్. "నువ్వు బాగా ఆలోచించుకో. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉండదు. ఒప్పుకుంటే తల పోయేదేం లేదు."

తలుపు దగ్గర పిన్ని నిలబడి ఉంది. మడిచిన తువ్వాళ్ల దొంతర గడ్డం దాకా ఎత్తి పట్టుకుంది. చుక్కలమ్మకి సొంత పిన్ని, అమ్మ తోడబుట్టిన చెల్లెలు. పదిహేనేళ్లుగా ఇదే బల్లల మధ్య తిరుగుతోంది. ఈ పనికి చుక్కలమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వెన్నెముక పక్కన బొటనవేలు ఎక్కడ ఆపాలో, ఎక్కడ జారనివ్వాలో తన వీపు మీదే నేర్పింది ఆవిడే. మాటకి మాట చటుక్కున అందించే పిన్ని ఆ పూట ఒక్క ముక్క మాట్లాడలేదు. తువ్వాళ్లు అల్మారాలో పెట్టి వెళ్లిపోయింది. భయపడి ఉంటుందిలే అనుకుంది చుక్కలమ్మ. ఎవరికి భయం వెయ్యదు?

ఆ సాయంత్రం ఇంట్లో వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఖాళీ సీసాలో నీళ్లు పోసి చెంచాలోకి వంచడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఆపింది. చెంచా వొంపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఇరవైసార్లు వంచితే ఇరవైసార్లూ మూడు దగ్గరే చెయ్యి ఆగింది. ఇరవై ఒకటోసారి మణికట్టు వణికి నాలుగోది పడింది.

ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. గోళ్లలో ఎప్పుడూ నల్లటి నూనె ఉంటుంది. కాసేపు చూశాడు.

"ఇవాళ కూర చెంచాలో వండుతున్నావా?" అన్నాడు.

చెప్పింది. టీచరమ్మ వీపు సంగతి, మేడమ్ అన్న మాట. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీ చేతికి ఉప్పు లెక్క తెలీదు గానీ, చుక్కల లెక్క తప్పదు. పెళ్లయినప్పటినుంచీ తింటున్నవాణ్ణి, నాకు తెలీదా?"

ఆమె నవ్వలేదు. "నాలుగైనా బొబ్బలు రావు. ఐదైనా రావు. మహా అయితే ఎర్రబడుతుంది. అంతలా కాలాలంటే పాతికో ముప్పయ్యో పడి ఉండాలి. అన్ని చుక్కలు ఒళ్లు తెలీకుండా ఎలా వేస్తాను?"

"మరి వెయ్యలేదన్నమాట."

"వెయ్యకపోతే ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

అతను చెంచా తీసుకుని కడిగి పెట్టాడు. ఆమె కార్డు సంగతి అతను ఎత్తలేదు. లైసెన్సు కార్డు మీద ఒక్కసారి గాయం కేసు పడితే ఇంకే సెంటరూ గుమ్మం ఎక్కనివ్వదని అతనికీ తెలుసు. ఆ పని తప్ప ఆమెకి చేతనైన పని మరొకటి లేదని కూడా తెలుసు.

*

మర్నాడు పొద్దున మేడమ్ ఒక కాగితం టైపు చేయించి ఉంచింది. నాలుగే వాక్యాలు. నూనె కలిపేటప్పుడు నా అజాగ్రత్త వల్ల లెక్క తప్పింది, ఇందులో సంస్థ తప్పేమీ లేదు, అని. కింద సంతకానికి చుక్కల గీత.

"చదువుకో. రేపు ఇన్‌స్పెక్టరు ముందు పెడితే సరిపోతుంది," అంటూ మేడమ్ ఆమె భుజం నిమిరింది. మేడమ్ చేతులు మెత్తగా ఉంటాయి. ఆ చేతులు ఎప్పుడూ ఎవరికీ మసాజ్ చెయ్యలేదు.

చుక్కలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పని కోటు జేబులో వేసుకుంది. పొద్దున్నుంచీ ముగ్గురికి నూనె కలిపింది. ఒక్కో గిన్నెకీ మూడేసిసార్లు లెక్క చూసుకుంది. గిన్నె గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో పెట్టి, మీద పేరు రాసిన చీటీ అంటించి, తెర పక్కన అరలో ఉంచితే మసాజ్ చేసేవాళ్లు వచ్చి తీసుకెళతారు. ఎన్నేళ్లనుంచో అదే ఏర్పాటు. గిన్నె అరలోకి చేరాక కలిపినవాళ్ల పూచీ అయిపోయినట్టే.

పదకొండు గంటలకి వరండా చివర బట్టలు ఆరేసి తిరిగి వస్తుంటే ముక్కుకి ఏదో తగిలింది. కుళ్లిన గుడ్డు లాంటి వాసన. రెండడుగులు వేసేసరికి వాసన గొంతులోకి దిగింది. వెనకగదిలో తువ్వాళ్లు మరగబెట్టే చిన్న గ్యాసు పొయ్యి ఉంది. పరిగెత్తింది.

కుండలో నీళ్లు పొంగి మీద పడి మంట ఆరిపోయింది. పొయ్యి చుట్టూ నీళ్లు. గ్యాసు సన్నగా బుసకొడుతూనే ఉంది. పిన్ని పొయ్యి ముందు తీరిగ్గా వంగి నిలబడి, చేతిలో లైటరు పట్టుకుని, మళ్లీ వెలిగించబోతోంది.

"పిన్నీ!"

అది అరుపు కాదు, గొంతు చీలిన శబ్దం. ఒక్క ఉదుటున వెళ్లి పిన్ని చేతి మీద కొట్టింది. లైటరు గోడకి తగిలి కింద పడింది. చుక్కలమ్మ మీట తిప్పి, కిటికీ రెక్కలు బార్లా తోసేసి, పిన్నిని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. ఇద్దరూ వరండా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఏమైందే? ఏం చేశాను?" అంది పిన్ని. కొట్టినచోట మణికట్టు రుద్దుకుంటోంది. మొహంలో నిజంగానే ఏమీ తెలీని అయోమయం ఉంది.

"గ్యాసు, పిన్నీ. గదంతా గ్యాసు. వాసన రాలేదా నీకు?"

పిన్ని రుద్దుకోవడం ఆపింది. గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. "ఆ, వస్తోంది, వస్తోంది. పరధ్యానంలో ఉన్నాను," అంది.

కిటికీ తెరిచి అప్పటికి కొంతసేపయింది. వరండాలో గాలి ఆడుతోంది. అక్కడ వాసనన్నది పేరుకి కూడా లేదు.

చుక్కలమ్మ పిన్ని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఈమధ్య రెండుసార్లు మధ్యాహ్నం పూట కూర పులిసిపోతే పిన్ని ఒక్కతే నిక్షేపంగా తినేసింది. అరలోంచి నూనె గిన్నె తీసుకెళ్లేముందు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లిస్తుంది. వాటిని ఇన్నాళ్లూ ఎవరు పట్టించుకున్నారు?

"టీచరమ్మ గిన్నెలో నువ్వేమైనా వేశావా?"

"నేనెందుకు వేస్తాను?"

"పిన్నీ."

పిన్ని వరండా కటకటాలు పట్టుకుంది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడుతూ పోయారు. అది మలుపు తిరిగేదాకా ఆగింది.

"వాసన లేదనిపించింది. వాసన గట్టిగా ఉంటేనే కస్టమర్లకి తృప్తి అని మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుందిగా. అందుకని కాస్త వేశాను. ఈ పదిహేనేళ్లూ వేస్తూనే ఉన్నాను. ఎవరికేమైంది?"

"ఎన్ని వేశావు?"

"వాసన వచ్చేదాకా వేశాను."

"వచ్చిందా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "రాలేదు. ఇంక చాల్లే అనుకుని ఆపేశాను."

"ఎన్ని, పిన్నీ?"

"నేనేమైనా నీలా చుక్కలమ్మనా, లెక్కపెట్టుకోడానికి?"

ఆ మాట అని పిన్ని తనే నవ్వబోయింది. మొహం సహకరించలేదు. రెండేళ్ల కిందట చలికాలంలో జలుబు చేసి నెల రోజులు మంచం పట్టిందట. జలుబు పోయింది, దానితోపాటే వాసనా పోయింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూసిందట. బాబాయికి చెప్పలేదు. మేడమ్‌కి అసలే చెప్పలేదు. నూనెల మధ్య బతికేదానికి ముక్కు పనిచెయ్యదంటే ఎవరు పనిలో ఉంచుకుంటారు?

"ఎవరితోనూ అనకే. నీ కాళ్లు పట్టుకుంటాను," అంది పిన్ని. గొంతు బాగా తగ్గించింది. "నాకు యాభై రెండు. నీది చిన్న వయసు. లెక్క తప్పిందంటే నిన్ను ఆర్నెల్లు ఆపుతారేమో, అంతే. నన్నయితే ఇంక ఈ జన్మకి బల్ల దగ్గరికి రానివ్వరు. ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్. ఇకమీదట ఒక్క చుక్క వెయ్యను. నీ మీద ఒట్టు."

చుక్కలమ్మకి కోపం రావాలి. రాలేదు. ఇరవై ఒక్కసార్లు నీళ్లు వంచి తన చేతిని తను అనుమానించుకున్న మనిషికి, ఆ తప్పు తనది కాదని తెలిశాక కాస్తయినా ఊరట కలగాలి. అదీ కలగలేదు. తనకి పని నేర్పిన పిన్ని కటకటాలు పట్టుకుని, దారి తప్పిపోయిన పిల్లలా చూస్తుంటే భయం ఇంకాస్త పెరిగింది.

"సరే," అంది. ఆ మాట ఎలా నోట్లోంచి వచ్చిందో ఆమెకే తెలీదు.

ఆ రోజు మిగతా పూటంతా కనపడ్డ వస్తువునల్లా వాసన చూస్తూ తిరిగింది. సబ్బు, తువ్వాలు, తలుపు గడియ, తన అరచెయ్యి. ఒక్కోదాని వాసన తెలిసినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. మరుక్షణం మళ్లీ అనుమానం.

*

మూడోరోజు ఇన్‌స్పెక్టరు పన్నెండింటికి వస్తానన్నాడు. పదిన్నరకి భుజం నొప్పి పెద్దాయన వచ్చాడు. డెబ్భై దాటినవాడు. చర్మం ఉల్లిపొర లాగా పల్చన. అలాంటివాళ్లకి మూడు కూడా ఎక్కువే, ఒక్కటే వెయ్యాలి. చుక్కలమ్మ ఒక్క చుక్క వేసి, గాజుపుల్లతో తిప్పి, చీటీ అంటించి అరలో పెట్టింది. పిన్ని నిన్న ఒట్టు వేసిందిగా అనుకుంటూ సీసా మూత బిగించి అర పక్కనే ఉంచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

కుళాయి మీద అద్దం ఉంది. అందులో అర కనిపిస్తుంది.

పిన్ని వచ్చింది. గిన్నె ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది, మొహం చిట్లించింది. పక్కనున్న సీసా అందుకుని మూత తీసి వంచింది. అంతసేపూ ఆవిడ కళ్లు గోడ మీద గడియారం వైపు ఉన్నాయి. చెయ్యి తన పని తను చేసుకుపోతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అద్దంలో చూస్తూ చుక్కలమ్మ లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర పిన్ని సీసా నిలబెట్టి మూత పెట్టింది. గిన్నె పట్టుకుని తెర వైపు కదిలింది.

"పిన్నీ, ఆగు!"

పిన్ని ఆగింది. చుక్కలమ్మ తడిచేతులతోనే వచ్చి గిన్నె లాక్కుంది.

"ఇప్పుడు దీంట్లో ఏం వేశావు?"

"ఏమీ వెయ్యలేదే."

"తొమ్మిది వేశావు."

"నీకేమైనా పిచ్చా? నిన్ననేగా నీ మీద ఒట్టు వేసింది?" అంది పిన్ని. అబద్ధం చెప్పడం లేదు. అదే చుక్కలమ్మని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. పిన్ని గిన్నె వైపు చూసింది, అర మీద సీసా వైపు చూసింది. మూత వంకరగా కూర్చుని ఉంది. మెల్లగా ఆవిడ మొహంలోంచి రక్తం దిగిపోయింది.

చుక్కలమ్మ గిన్నె వొంపేసి, పెద్దాయన భుజానికి ఉత్త బాదం నూనెతో తనే మసాజ్ చేసింది. వేళ్ల కింద ఆ పల్చటి చర్మం కదులుతుంటే, తొమ్మిది, తొమ్మిది అని లోపల కొట్టుకుంటూనే ఉంది. ఆయన మాత్రం, "ఇవాళ చెయ్యి హాయిగా ఉందమ్మా," అని మెచ్చుకుని వెళ్లాడు.

ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. లోపలికి అడుగుపెడుతూనే రెండు తుమ్ములు తుమ్మి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ముందు ఆ కిటికీలు తియ్యండి. ఇంత ఘాటులో మనుషులు ఎలా ఉంటున్నారు?"

"అలవాటైపోయింది సార్," అంది మేడమ్ నవ్వుతూ.

అతని వెనకే టీచరమ్మ వచ్చింది. వదులు చొక్కా వేసుకుంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. వీపు ఆనించలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా పక్కనుంచి నడిచినా ముందుకి ఒంగుతోంది. చుక్కలమ్మ ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

మేడమ్ చకచకా సంగతంతా చెప్పేసింది. పొరపాటు జరిగిన మాట నిజమేనని, కలిపిన అమ్మాయి ఒప్పుకుందని, రాసి ఇస్తుందని. బల్ల మీద కలం పెట్టి చుక్కలమ్మ వైపు జరిపింది. చుక్కలమ్మ జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పింది. గోడ పక్కన పిన్ని నిలబడి ఉంది. కళ్లు నేల మీదే ఉన్నాయి.

కలం చేతిలోకి తీసుకుంది. సంతకం పెడితే తను వెళ్లిపోతుంది. పిన్ని ఇక్కడే ఉంటుంది. అర ఉంటుంది, సీసా ఉంటుంది, రేపు పదిన్నరకి ఇంకెవరో వచ్చి బోర్లా పడుకుంటారు. అద్దంలో చూసి లెక్కపెట్టడానికి ఎవరూ ఉండరు. సంతకం పెట్టకపోతే పిన్ని ఉండదు. కలం మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"నేను మూడే వేశాను సార్," అంది. "తర్వాత మా పిన్ని వేసింది. ఎన్ని వేసిందో ఆవిడకే తెలీదు. ఆవిడకి వాసన రాదు. రెండేళ్లయింది. ఇవాళ పొద్దున కూడా వేసింది, వేసినట్టు ఆవిడకి గుర్తు లేదు."

మేడమ్ గిరుక్కున పిన్ని వైపు తిరిగింది.

"అబద్ధం!" అంది పిన్ని. తల ఎత్తింది. "నాకు వాసన వస్తుంది. తప్పు నా మీదకి నెడుతోంది. సొంత అక్క కూతురని చేరదీస్తే నా నెత్తినే ఎక్కుతోంది!"

ఇన్‌స్పెక్టరు రెండు దూది ఉండలు అడిగి తీసుకుని వెనక్కి తిరిగాడు. ఒకదాని మీద ఆకు నూనె చుక్క, ఒకదాని మీద మంచినీళ్లు వేసి, రెండూ చెరొక పింగాణీ మూతలో పెట్టి పిన్ని ముందుంచాడు. ఆకు నూనె ఘాటు బల్ల దాటి చుక్కలమ్మ దాకా వచ్చింది. టీచరమ్మ కూడా మొహం పక్కకి తిప్పుకుంది.

పిన్ని మొదటిది ఎత్తింది. కళ్లు మూసుకుంది. రెండోది ఎత్తింది. మళ్లీ మొదటిది. ఒకసారి ఎడమ మూత వైపు వేలు వెళ్లింది, ఆగిపోయింది. కుడి వైపు వెళ్లింది. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది, ఎవరి కళ్లలోనైనా జవాబు దొరుకుతుందేమోనని. చివరికి చుక్కలమ్మ దగ్గర ఆవిడ చూపు ఆగింది. చుక్కలమ్మ తల దించుకుంది.

"చెప్పలేను సార్," అంది పిన్ని. మూతలు రెండూ జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

మేడమ్ వెంటనే అందుకుంది. "చూశారా సార్! నాకు తెలీకుండా దాచారు. పిన్నీ కూతురూ కూడబలుక్కుని..."

"నేను మంట అని చెప్పాను," అంది టీచరమ్మ. అంతసేపటికి అదే ఆమె మొదటి మాట. మెల్లగా అంది. "మంట పుడితేనే మంచిదన్నారు. కిందటిసారి మీరూ అదే అన్నారు, మేడమ్. ఆవిడకి వాసన తెలీదు, సరే. మనిషి నోటితో చెబితే వినపడాలి కదా? నేను స్నానానికి నీళ్లు తోడుకుని, పోసుకోడానికి భయపడి, అలాగే కూర్చుంటున్నాను."

చుక్కలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ మంట మాట తనకీ వినపడింది. లేచి నిలబడి ఆ సంగతి కూడా చెప్పేసింది. ఇన్‌స్పెక్టరు అదీ రాసుకున్నాడు.

సెంటర్‌కి పదిహేను రోజులు తాళం. పిన్ని ఇకమీదట నూనె ముట్టుకోకూడదు. విచారణ అయ్యేదాకా ఇద్దరి కార్డులూ అతని దగ్గరే ఉంటాయి. చుక్కలమ్మ తన కార్డు తీసి ఇస్తుంటే దాని మీద ఫొటో ఎవరిదో లాగా కనిపించింది. పిన్ని కార్డు అంచులు అరిగి, ఫొటో దాదాపు చెరిగిపోయి ఉంది.

మేడమ్ వాళ్లని వెనక మెట్ల వైపు నుంచి వెళ్లమంది. మెట్ల మధ్యలో పిన్ని కూర్చుండిపోయింది. ఎండ చురుగ్గా ఉంది. చుక్కలమ్మ రెండు మెట్లు పైన నిలబడింది. దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. పిన్ని తిట్టినా పడేది, కొట్టినా పడేది. ఇంక జన్మలో మొహం చూపించకు అంటుందేమోనని మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"ఇలా రా," అంది పిన్ని, వెనక్కి తిరక్కుండా.

వెళ్లి పక్కన కూర్చుంది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పు. ఇవాళ ఎలాగూ అదే పని మీద ఉన్నావుగా."

"అడుగు, పిన్నీ."

పిన్ని అటూ ఇటూ చూసింది. మెట్ల మీద ఇంకెవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"నా ఒంటి మీద వాసన వస్తుందా?"

చుక్కలమ్మకి అర్థం కాలేదు.

"రోజుకి మూడుసార్లు స్నానం చేస్తున్నాను. వేసిన బట్ట మళ్లీ వెయ్యను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళితే నా వల్లేనేమో అనుకుంటాను. మీ బాబాయి అటు తిరిగి పడుకుంటే అదే అనుకుంటాను. ఎవరినైనా అడుగుదామంటే, నీకు తెలీదా అంటారు. రెండేళ్లనుంచి అడగడానికి ఒక్కళ్లూ లేరే. ఇప్పుడు నీకు తెలుసుగా. చూసి చెప్పు."

పిన్ని మెడ పక్కకి వంచి కళ్లు మూసుకుంది, డాక్టరు ముందు కూర్చున్నట్టు. చుక్కలమ్మ ఒంగి చెవి కింద, మెడ దగ్గర, భుజం దగ్గర మెల్లగా వాసన చూసింది. తొందరపడలేదు.

"సబ్బు వాసన వస్తోంది. దానికింద కొంచెం చెమట వాసన. పనిచేసేవాళ్ల దగ్గర ఎవరి దగ్గరైనా ఉండేంతే. నా దగ్గరా ఉంటుంది."

"నా మీద జాలిపడి చెప్పడం లేదుగా?"

"లేదు, పిన్నీ."

పిన్ని కాసేపు అలాగే, మెడ వంచే కూర్చుంది.

"అయితే మూడుసార్లు అక్కర్లేదన్నమాట," అంది. అప్పుడు ఆవిడ భుజాలు వణకడం మొదలుపెట్టాయి.